టేబుల్ సా కొంటున్నారా? వాట్స్ తర్వాత, ముందు ఫెన్స్ చూడండి

మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కొనొద్దని ఎన్నిసార్లు చెప్పుకున్నామో! ఇప్పుడు మనలో కొందరు హాబీగా చెక్కపని మొదలుపెట్టి టేబుల్ సా కోసం వెతుకుతున్నారు. అక్కడా అదే తంతు. 1,800 వాట్సా, 2,000 వాట్సా? వారానికోసారి స్టూలో, షెల్ఫో చేసుకునేవాళ్లకి ఆ తేడా పెద్దగా తెలీదు. ఫెన్స్ బాగోకపోతే మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

ఫెన్స్ అంటే చెక్కను ఆనించి ముందుకు నెట్టే పక్క పట్టీ. అది బ్లేడుకు సమాంతరంగా ఉండాలి. వెనకవైపు కాస్త లోపలికి వాలిందంటే చెక్క మధ్యలో ఇరుక్కుంటుంది. వెనక నుంచి పైకి లేచే పళ్లు దాన్ని ఎత్తి మీ మీదకే విసురుతాయి. కిక్‌బ్యాక్ అంటే ఇదే. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,800 సార్లు తిరిగితే పళ్ల వేగం గంటకు దాదాపు 230 కిలోమీటర్లు. తప్పుకునే టైమ్ ఉండదు.

అందుకే రివింగ్ నైఫ్ కావాలి. బ్లేడు వెనకే నిలబడి, దాంతోపాటే పైకీ కిందకీ కదిలే స్టీలు రేకు ఇది. కోసిన చీలిక మళ్లీ బ్లేడును పట్టేయకుండా ఆపుతుంది. అది లేని మిషన్ ఎంత చౌకైనా నేను కొనమని చెప్పను. ఇంటీరియర్ పని జరిగే ఫ్లాట్లలో చూసే ఉంటారు, చేతి కట్టర్‌ని ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి కోస్తుంటారు. గార్డూ ఉండదు, రివింగ్ నైఫూ ఉండదు. ఏళ్ల అనుభవం ఉన్న వడ్రంగికే అది ప్రమాదం. యూట్యూబ్ చూసి ఆదివారం పూట మనం చేయాల్సిన పని అసలే కాదు.

మనలాంటి వాళ్లకి తెగ నచ్చే టెక్నాలజీ ఒకటుంది. అమెరికాలో స్టీవ్ గాస్ కనిపెట్టిన సాస్టాప్. దాదాపు మీ టచ్‌స్క్రీన్ సూత్రమే. బ్లేడులో చిన్న సిగ్నల్ ఉంటుంది, చర్మం తగలగానే అది మారుతుంది, అల్యూమినియం దిమ్మె దూసుకొచ్చి సుమారు 5 మిల్లీసెకన్లలో బ్లేడును ఆపేస్తుంది. బ్లేడు, కార్ట్రిడ్జ్ రెండూ పోతాయి. వేలు మిగులుతుంది. అయితే అన్నయ్యతో తెప్పించుకుందామనుకుంటే ఆగండి. అక్కడి చిన్న మోడళ్లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసినవి. మన దగ్గర 230, 50. పైగా అది సూట్‌కేసులో పట్టే వస్తువా!

కాబట్టి సికింద్రాబాద్‌లో ఉంటే రాణిగంజ్ వెళ్లండి. ఆన్‌లైన్‌లో రెండు వేలు తగ్గినా సరే, దీన్ని చేత్తో పట్టి చూసే కొనాలి. ప్లగ్ తీయించి, బ్లేడు ముందు పన్ను దగ్గర, వెనక పన్ను దగ్గర ఫెన్స్ దూరం టేపుతో కొలవండి. ఫెన్స్ జరిపి, బిగించి మళ్లీ కొలవండి. కొలత మారుతుంటే బ్రాండ్ ఏదైనా వదిలేయండి. డీవాల్ట్ 7492లో ఉన్నలాంటి ర్యాక్ అండ్ పినియన్ ఫెన్స్ రెండు చివర్లా ఒకేసారి కదులుతుంది, ఈ గొడవ తక్కువ. 2,000 వాట్ల మిషన్ దాదాపు 9 యాంప్స్ లాగుతుంది, ఇంట్లో 6 యాంప్స్ ప్లగ్‌కి పెట్టొద్దు.

మీ పనంతా 8x4 ప్లైవుడ్ షీట్లేనా? అయితే చిన్న బల్ల మీద అంత షీటు నెట్టడం కష్టమే. గైడ్ రైల్ పెట్టి సర్క్యులర్ సా నడపండి. టేబుల్ సా డబ్బుల్లో కొంత మంచి బ్లేడుకీ, డస్ట్ మాస్కుకీ మిగులుతుంది.