లోహ హైడ్రోజన్, మన ల్యాబ్ రికార్డు

పీరియాడిక్ టేబుల్‌లో హైడ్రోజన్ సోడియం, పొటాషియంల నిలువు వరుసలోనే ఉంటుంది. అవి లోహాలు, ఇది గ్యాస్. 1935లో విగ్నర్, హంటింగ్టన్ దీనికి లెక్క కట్టారు. బాగా నొక్కితే అణువులు విడిపోయి, ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకీ కట్టుబడకుండా తిరుగుతాయి, కరెంటు పారుతుంది, అంటే హైడ్రోజన్ కూడా లోహమే అవుతుంది అన్నారు. 25 గిగాపాస్కల్స్ సరిపోతుందనుకున్నారు. సరిపోలేదు.

2017 జనవరిలో హార్వర్డ్‌కు చెందిన డయాస్, సిల్వేరా రెండు వజ్రాల మొనల మధ్య హైడ్రోజన్‌ను 495 గిగాపాస్కల్స్ దాకా నొక్కి, లోహపు మెరుపు చూశామని ప్రకటించారు. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 49 లక్షల రెట్లు. భూమి కేంద్రంలో కూడా అంత ఉండదు. మరుసటి నెలలోనే వజ్రం పగిలింది, నమూనా పోయింది. మెరిసింది హైడ్రోజనేనా, వజ్రం మీద వేసిన అల్యూమినా పూతా అని తోటి శాస్త్రవేత్తలు అడిగారు. మళ్లీ చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

అలా అడగడాన్ని అసూయ అనుకోవద్దు. మాది ఏటూరునాగారం. మా దిక్కు మిర్చి అమ్మే రైతుకు తూకం మీద అనుమానమొస్తే "మళ్లోసారి కాంటా పెట్టు" అంటాడు. సైన్సు అడిగేదీ అంతే. 2020లో ఫ్రాన్స్‌లో లూబేర్ బృందం 425 గిగాపాస్కల్స్ దగ్గర హైడ్రోజన్‌లో హఠాత్తుగా వచ్చిన మార్పును పరారుణ కాంతితో కొలిచింది. ఒత్తిడి తగ్గిస్తే ఆ మార్పు వెనక్కి పోతుందని కూడా చూపించింది. 495 కన్నా ఈ 425 మీదే నాకు నమ్మకం ఎక్కువ.

మరి మన ల్యాబుల్లో ఏం జరుగుతోంది? గ్రాఫ్ తిన్నగా రావాలని రీడింగులు దిద్దడం, సీనియర్ల రికార్డు చూసి దింపేయడం మామూలైపోయింది. "అందరూ అంతే కదరా" అంటాం. మార్కులు సరైన విలువకే పడతాయి, నిజంగా వచ్చిన విలువకు కాదు. జవాబు ముందే తెలిసిన ప్రయోగంలోనే ఇంత భయపడితే, ఎవరికీ జవాబు తెలియని చోట మన మాట ఎవరు నమ్మాలి?

అందుకే నేననేది ఒకటే. ప్రతి రికార్డులో "రాని రీడింగులు" అని ఒక పేజీ ఉండాలి. ఎందుకు రాలేదో ఆలోచించి రాసినవాళ్లకు ఐదు మార్కులివ్వాలి. సార్లు ఒప్పుకుంటారా అంటారా? ముందు మనం అడిగి చూద్దాం.