పైపన్ను – క్రిందిపన్ను

బిడ్డల పలువరుస ముత్యములవలె నుండవలెనని కోరని తల్లి యుండదు. కాని నోరు మూసినపుడు పై వరుసయు క్రింది వరుసయు నెట్లు కలిసికొనుచున్నవో చూచువారరుదు. రోకలి లేనిచో రోలెట్లు నిష్ప్రయోజనమో, ఎదుటి పన్ను లేని పన్నును అట్లే. కావున ఈ మాసము పండ్ల పొందికను గూర్చి మా సోదరీమణులకు కొంత తెలుప నెంచితిమి.

నోరు మూసినపుడు పై వరుస క్రింది వరుసకు కొంచెము వెలుపలగా, పెట్టెమీది మూతవలె, అమరియుండవలెను. ముందరి పైపండ్లు క్రిందివానిని సుమారు మూడవవంతు కప్పి, కత్తెరవలె కొఱుకును. దవడపండ్ల పని నూరుట. వానిమీద చిన్న చిన్న మొనలును గుంటలును గలవు. ఒకదాని మొన ఎదుటిదాని గుంటలో, రోటిలో రోకలివలె, పడును. క్రింది నడిమి ముందుపండ్లు రెండును, పై వరుస చివరి దవడపండ్లును తప్ప, ప్రతి పన్నును ఎదుటి వరుసలోని రెండేసి పండ్లతో కలిసికొనును. అందువలన నమలునప్పటి బరువు ఒక్కదానిపై బడక పంచుకొనబడుచున్నది. అందువలననే ఒక పన్ను పోయిన నష్టము తక్కినవానికిని తగులుచున్నది. ఖాళీ చోటికి ప్రక్కపన్ను ఒరుగును. ఎదుటి పన్ను ఆనిక లేక నానాటికి ఆ చోటివైపు సాగివచ్చును.

ఈ పొందికకు మూలస్తంభము ఆఱవయేట మొలచు దవడపన్ను. అమెరికా దేశపు దంతవైద్యుడు ఎడ్వర్డ్ ఆంగిల్ 1899లో పలువరుసల పొందికలోని దోషములను మూడు తరగతులుగా విభజించినపుడు ఈ పన్నునే కొలతగా గైకొనెను. పైదాని ముందరి వెలుపలి మొన క్రిందిదాని వెలుపలి గాడిలో పడుట సరియైన పొందిక. ఇది సరిగనుండి తక్కిన పండ్లు వంకరపోయినచో మొదటి తరగతి. క్రిందిది వెనుకబడినచో రెండవది. ముందునకు వచ్చినచో మూడవది. ఈ విభాగమును వైద్యులు నేటికిని వాడుచున్నారు.

ఇంతటి ముఖ్యమైన పన్నును మనము గుర్తింపము. ఏలయన, ఇది ఏ పాలపన్నును ఊడగొట్టి రాదు. 20 పాలపండ్లకును వెనుక, సద్దు లేక మొలచును. మేమెఱిగిన యొక యిల్లాలి కుమార్తెకు ఎనిమిదవయేట ఈ పన్ను పుచ్చెను. “పాలపన్నేగదా, ఊడి మరల వచ్చునులే” యని అత్తగారు లవంగము పెట్టించిరి, తల్లియు ఊరకుండెను. నొప్పి హెచ్చి వైద్యుని యొద్దకు పోవునప్పటికి పన్ను తీయక తప్పలేదు. “మరల ఎప్పుడు మొలచునండీ?” యని ఆమె యడుగగా, “ఇది మరల రాదమ్మా” యని ఆయన చెప్పెను. ఆ మాట చెప్పునపుడెల్ల ఆమె కంట తడి వచ్చును. ఆమె యశ్రద్ధ చేసినది కాదు, తెలియకపోయినది.

అట్లని పాలపండ్లు చులుకనివి కావు. వెనుకటి పాలపండ్లు పది పండ్రెండేండ్ల వఱకు రాబోవు పండ్లకు చోటు కాచియుండును. అవి ముందుగా పోయినచో ఆఱవయేటి పన్ను ముందునకు జరిగి ఆ చోటాక్రమించును. అట్టి సమయమున చోటు నిలుపుటకు వైద్యులు చిన్న తీగకట్టు అమర్తురు.

ఇంట పరీక్షించు విధము సులభము. బిడ్డను వెలుతురున కూర్చుండబెట్టి, ఉమ్మి మ్రింగి వెనుకపండ్లు కలిపి మూయుమని చెప్పి, పెదవిని వ్రేలితో మెల్లగా తొలగించి చూడుడు. ముందుపండ్లు కలియక సందున్నను, క్రిందివి పైవానికి వెలుపల నున్నను, మూయునపుడు దవడ ఒక ప్రక్కకు జరిగినను వైద్యునికి చూపవలెను. ఏ దోషము కనబడకున్నను ఏడేండ్లలోపల ఒకసారి చూపుట మేలు. నాలుగేండ్లు దాటియు బొటనవ్రేలు చప్పరించు బిడ్డకు పైపండ్లు ముందునకు వచ్చును. కొట్టక, తిట్టక, బుజ్జగించి మాన్పింపవలెను.

పెద్దలకును ఒక మాట. ఊరక యున్నపుడు పై పండ్లును క్రింది పండ్లును తాకరాదు. పెదవులు మూసియున్నను పండ్ల నడుమ కొంచెమెడ ముండుటయే సహజము. చింతచే పండ్లు బిగించుకొనువారికి దవడలు నొచ్చును, పండ్లరుగును. పుచ్చిన పన్ను పూడ్పించుకొన్న పిమ్మట అది ఎత్తుగా తగులుచున్నచో సహించి యూరకుండక వెంటనే చెప్పుడు. వైద్యుడు రంగుకాగితము కఱపించి, తగిలినచోటు గుర్తించి, అరగదీయును.

మీ యింట ఆఱేండ్ల బిడ్డ యున్నచో, నేటి రాత్రి పండ్లు తోమించునపుడు కడపటి పాలపన్ను వెనుక నొక్కమారు చూడుడు. అక్కడ తెల్లని మొన కనబడెనేని, అది జీవితాంతము నిలువవలసిన పన్నని యెఱిగి, ఆ దినము నుండి కుంచె యచటి వఱకు పోవునట్లు చూడుడు.