డబ్బుతో పాటు ఒక సంతకం



మన గ్రూపుల్లో ఈమధ్య ఒకే రకం కబురు పదేపదే వస్తోంది. "ఊళ్లో మా తమ్ముడు పోయాడు. మరదలు చిన్నపిల్లలతో ఒక్కతే అయిపోయింది. ఉన్న కాస్త తోటా చూసుకుంటోంది. ఎంతో కొంత పంపుదామనుకుంటున్నాను" అని. పంపండి, తప్పకుండా పంపండి. కానీ ఈసారి పంపేముందు ఫోన్లో ఒక్క మాట అడగండి: "ఆ తోట ఎవరి పేరున ఉందమ్మా?"

చాలా ఇళ్లల్లో వచ్చే జవాబు నేను ముందే చెప్పగలను. "మామయ్యగారి పేరునే ఉంది వదినా." ఆ మామయ్యగారు పోయి పదేళ్లయి ఉంటుంది. కొడుకు కూడా పోయాడు. పుస్తకంలో మాత్రం ఆయనే రైతు. తెల్లారి లేచి మొక్కలకి నీళ్లు పోసే మనిషి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల ఆడపడుచులు మస్కట్‌లోనూ, కువైట్‌లోనూ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. సముద్రం పక్క ఇసక నేల. కొబ్బరి, జీడి, పనస, మునగ. చూడ్డానికి పచ్చగా ఉంటుంది, బతకడమే కష్టం. కిడ్నీ జబ్బు మా దగ్గర ఎన్నో ఇళ్లల్లో మగవాళ్లని నడి వయసులోనే తీసుకుపోయింది. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. కానీ అంతకుముందే పోయినవాళ్ల భార్యలు ఊరూరా ఉన్నారు. మా చిన్న మరదలు వాళ్లలో ఒకతె.

దాని కథ మీకు చెప్పడానికి కారణం ఉంది. అందులో నా సంతకం కూడా ఒకటి కావలసి వచ్చింది.

మా నాన్న సొంత సంపాదనతో కొన్న రెండెకరాల కొబ్బరితోట అది. ఎకరాకి 60 చెట్ల చొప్పున 120 చెట్లు ఉండేవి. నాన్న 2015లో పోయారు, వీలునామా ఏమీ రాయలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోటలో నిలబడినవి 31 చెట్లు. నాన్న నాటిన చెట్లు వేళ్లతో సహా పడిపోయి ఉన్నాయి. తమ్ముడు అప్పటికే డయాలసిస్‌లో ఉన్నాడు. 2020లో వాడూ పోయాడు. అప్పటికి మరదలికి 32 ఏళ్లు, పిల్లలకి తొమ్మిది, ఆరు.

పెద్దకర్మ అయిన మర్నాటికే సలహాలు మొదలయ్యాయి. "తోట కౌలుకిచ్చేసి పుట్టింటికి పో." "జీడిపప్పు పనికి పోతే రోజుకూలి వస్తుంది, ఈ ఇసకలో ఏముంది?" అది మాత్రం కదల్లేదు. "ఆయన పోయే ముందు సంవత్సరం నాటిన మొక్కలు వదినా. వదిలేస్తే ఎండిపోతాయి" అంది నాతో ఫోన్లో.

కొబ్బరి సంగతి తెలిసినవాళ్లకి ఆ మాటలో ఉన్న బరువు అర్థమవుతుంది. మన పొడుగు రకం కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లూ నీళ్లు పోయాలి, ఎరువు వెయ్యాలి, మొవ్వులో కొమ్ము పురుగు పడకుండా చూసుకోవాలి. తుఫానుకి పడి కుళ్లుతున్న మొద్దుల్లోనే ఆ పురుగు పెరుగుతుంది. కాబట్టి ముందు మొద్దులన్నీ తీయించాలి. దానికి కూలి. పాదుల్లో తడి ఆరకుండా కొబ్బరి డొక్కలు పరిచింది. మొక్కల మధ్య అరటి, కంద, బీర, ఆనప వేసింది. సముద్రం వైపు గాలికి అడ్డంగా సరుగుడు వరస పెట్టింది. మిగిలిన 31 చెట్ల కాయ, రెండు ఆవుల పాలు, డ్వాక్రా అప్పు, ప్రభుత్వం ఇచ్చే వితంతు పింఛను. వీటితో ఇల్లు నడిపింది. ఆ పింఛను ఆంధ్రాలో 2024 జూలై నుంచి నెలకి 4,000 అయ్యింది.

పని దానికి చేతనయింది. చేతకానిది, దాని చేతిలో లేనిది, కాగితం.

బ్యాంకులో పంట అప్పు అడిగితే పాసు పుస్తకం తెమ్మన్నారు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 వస్తుందంటే, భూమి ఎవరి పేరున ఉందో చూపించమన్నారు. గాలివానకి అరటి పడిపోతే, నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్లు ఈ-పంటలో పేరుందా అని అడిగారు. అన్నిచోట్లా ఒకటే మాట: "భూమి మీ పేరున లేదు కదమ్మా."

ఇప్పుడు లెక్క చూడండి. ఇది మీ ఇంటి లెక్క కూడా కావచ్చు.

హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. దాని ప్రకారం మగమనిషి వీలునామా లేకుండా పోతే, అతని సొంత ఆస్తి తల్లికి, భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి తలా ఒక సమాన వాటాగా పోతుంది. మా నాన్న రెండెకరాలు అంటే 200 సెంట్లు. అమ్మకి 50, అన్నయ్యకి 50, నాకు 50, తమ్ముడికి 50. తర్వాత తమ్ముడు పోయాడు. వాడి 50 సెంట్లూ మళ్లీ నాలుగు వాటాలు: వాడి భార్యకి, ఇద్దరు పిల్లలకి, మా అమ్మకి. అంటే తలా పన్నెండున్నర సెంట్లు.

రెండెకరాలకి నీళ్లు పోస్తున్న మనిషికి చట్టం ప్రకారం సొంతమయింది పన్నెండున్నర సెంట్లు. ఆ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నాకు డ్యూటీలో మనసు నిలవలేదు. నెలనెలా డబ్బు పంపుతున్నాను కదా, ఇంకేం చెయ్యాలి అనుకునేవాళ్లం మనమందరం. ఆ తోటలో పావు వాటా మస్కట్‌లో ఉన్న నా పేరున ఉంది. నేను సంతకం పెడితే తప్ప అది కదలదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆడపిల్లలు పుట్టింటి హక్కు వదిలేసుకోవాలని నేను చెప్పడం లేదు. ఆ హక్కు కోసం మనవాళ్లు చాలా కాలం పోరాడారు. మీ పరిస్థితి మీకు తెలుసు. మీకూ ఆ వాటా అవసరమే అయితే ఉంచుకోండి. కానీ ఉంచుకుంటున్నానని కాగితం మీద పెట్టండి. మీ వాటా విడిగా పంచుకుని, సాగు చేస్తున్న ఆమెకే రిజిస్టరు కౌలు పత్రం రాసివ్వండి. వదులుకుంటే అదీ కాగితం మీదే వదులుకోండి. అటూ ఇటూ తేల్చకుండా "మనవాళ్లే కదా, ఎక్కడికి పోతుంది" అని పదేళ్లు ఊరుకుంటే, ఆ నష్టం ఇసకలో నిలబడ్డ మనిషిదే.

నేను నా 50 సెంట్లు మరదలికే ఇచ్చాను. మా ఆయన్ని అడిగితే "నీ పుట్టింటిది, నీ ఇష్టం" అన్నారు. అన్నయ్య ఒప్పుకోలేదు. "దాని పేరున రాస్తే రేపు అమ్ముకుని పోతుంది" అన్నాడు. తన వాటా రోడ్డు వైపు విడదీసి ఇమ్మన్నాడు. కోపం వచ్చినా ఒకటి ఆలోచించండి. అది అతని హక్కే. విడదీసేశాక ఇక రోజూ గొడవ లేదు, అదే మేలయింది.

అమ్మ మాత్రం "నాదీ కోడలికే రాసేస్తాను" అంది. వద్దన్నాను. అమ్మా భర్త పోయిన మనిషే కదా! ముసలితనంలో తన పేరున ఏదో ఒకటి ఉంటే ఆ గౌరవం వేరు. అమ్మ తన వాటాని తన పేరునే ఉంచుకుని, తన తర్వాత కోడలికి చెందేలా వీలునామా రిజిస్టరు చేయించింది. చివరికి అత్తకి 62.5 సెంట్లు, కోడలికి 62.5 సెంట్లు, పిల్లలిద్దరికీ 25, అన్నయ్యకి 50. అన్నయ్య వాటా పోను ఎకరంన్నర మరదలు ఒకే చెక్కగా సాగు చేసుకుంటోంది.

పిల్లల వాటా గురించి కూడా తెలుసుకోండి. మైనర్ పిల్లల భూమిని కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మడానికి లేదు. "అమ్మేసెయ్, మంచి బేరం వచ్చింది" అని తొందరపెట్టేవాళ్లకి చెప్పడానికి ఆమెకి ఈ ఒక్క మాట చాలు.

ఇక దూరం నుంచి మనం చెయ్యగలిగిన పని వివరంగా చెప్తాను.

ముందు ఊళ్లో మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ఉన్నాయో లేదో కనుక్కోండి. ఇద్దరు పోతే ఇద్దరివీ కావాలి. అందులో మీ పేరూ ఉండాలి. 1-బి, అడంగల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయా చూసుకోండి.

మీరు స్వయంగా వెళ్లలేకపోతే నమ్మకమైన మనిషికి స్పెషల్ పవరాఫ్ అటార్నీ ఇవ్వచ్చు. జనరల్ పవర్ వద్దు. ఈ సర్వే నంబరు, ఇన్ని సెంట్లు, ఈ ఒక్క దస్తావేజు కోసం అని విడమరిచి రాయించండి. ఇక్కడి మన రాయబార కార్యాలయంలోనో, కాన్సులేట్‌లోనో వాళ్ల ఎదుట సంతకం పెట్టి ధ్రువీకరించుకోవాలి. ఆ కాగితం ఇండియా చేరాక మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. కొరియర్ చేరింది కదా అని బీరువాలో పెట్టేస్తే గడువు దాటిపోతుంది. ఆ తర్వాత హక్కు విడుదల దస్తావేజో, భాగపంపకాల దస్తావేజో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు అవ్వాలి. ఏది మేలో, ఖర్చెంతో ఒక వకీలుని అడిగి తేల్చుకోండి. రిజిస్ట్రేషన్‌తో పని అయిపోయిందనుకోవద్దు. మ్యుటేషన్ అయ్యి, పాసు పుస్తకం ఆమె చేతికి వచ్చేదాకా వదలకండి.

అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్న అక్కలకి ఇంకో మాట. వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమి మీరు ఉంచుకోవచ్చు, ఇండియాలో ఉంటున్న భారతీయ పౌరులకి ఇవ్వచ్చు. కానీ "ఆ పక్క తోట నేను కొని ఆమెకి చేసుకోమంటాను" అంటే కుదరదు. ఎన్నారైలకీ, ఓసీఐ వాళ్లకీ సాగుభూమి కొనే వీలు లేదు.

క్రైస్తవ కుటుంబాల్లో లెక్క వేరు. వీలునామా లేకపోతే భార్యకి మూడో వంతు, పిల్లలకి మిగిలిన రెండు వంతులు. ముస్లిం కుటుంబాల్లో పిల్లలున్న భార్యకి ఎనిమిదో వంతు. మీ ఇంటికి ఏది వర్తిస్తుందో అది చూసుకోండి.

అన్నిటికంటే ముందు మీ మరదలికో, చెల్లికో, వదినకో ఈ ఒక్క మాట చెప్పండి: దుఃఖంలో ఉన్నప్పుడు ఎవరు తెచ్చినా తెల్ల కాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ పెట్టొద్దు. "మా ఆడపడుచుని అడిగి చెప్తాను" అనమనండి. అలా అనుకోడానికి మనం ఉన్నామని ఆమెకి తెలియాలి.

మా మరదలికి పాసు పుస్తకం వచ్చిన మూడో నెలలో బ్యాంకు అప్పు దొరికింది. ఆ డబ్బుతో బోరు బాగుచేయించి, గొట్టాలు వేయించింది. 2019లో తమ్ముడు నాటిన మొక్కల్లో కొన్నిటికి పోయిన ఏడాది మొదటి గెలలు వచ్చాయి. కష్టాలు తీరాయని అనను. కాయ ధర పడిపోతుంది, చెట్టెక్కేవాళ్లు దొరకరు, అక్టోబరు వచ్చిందంటే గాలి చప్పుడుకే నిద్రపట్టదు. కానీ ఇప్పుడు ఆఫీసులకి వెళ్తే "ఎవరి తాలూకు?" అని అడగరు. రైతు పేరు దగ్గర దాని పేరే ఉంది.

ఈ శుక్రవారం సెలవే కదా! ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి. ఏ కాగితం దగ్గర ఆగిపోయిందో మీ గ్రూపు అడ్మిన్‌కి రాసి పంపండి. వచ్చే నెల మనం వాటి గురించే మాట్లాడుకుందాం.