సంగీత ప్రసంగము: తల్లి అడిగిన ప్రశ్న

సంగీత విద్వాంసుల చరిత్రలు వ్రాయువారు సాధారణముగా వారు గెలిచిన బహుమానములతో మొదలిడుదురు. ఈ మాసమున మేము జర్మను దేశపు పియానో విద్వాంసుడు క్రిస్టొఫ్ ఎషెన్‌బాఖ్‌ను గూర్చి చెప్పదలచితిమి. ఆయన బహుమానములకంటె ముందుగా ఆయనను పెంచిన తల్లిని స్మరింపవలసియున్నది.

ఈతడు 1940వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన బ్రెస్లౌ నగరమున జన్మించెను. అప్పుడు జర్మనీలో నుండిన ఆ నగరము నేడు పోలెండులోనిది. కన్నతల్లి ప్రసవముననే మరణించెను. తండ్రి సంగీతశాస్త్ర పండితుడు. నాజీ ప్రభుత్వమునకు విరోధి యగుటచే శిక్షాదళమున చేర్పబడి, తూర్పు యుద్ధరంగమున హతుడయ్యెను. పసివానిని పెంచుచుండిన అవ్వ, యుద్ధము ముగియు దినములలో వానితో ఇల్లు విడిచి కాందిశీకురాలై, కొలదికాలములోనే గతించెను. ఇన్ని కష్టములను చూచిన బాలునకు మాట పడిపోయెను. సుమారొక సంవత్సరము వాని నోట పలుకు వెలువడలేదు.

1946లో కన్నతల్లికి వరుసకు సోదరియగు వాలిడోర్ ఎషెన్‌బాఖ్ వానిని దత్తు చేసికొనెను. ఆమె సంగీతోపాధ్యాయిని. ఇంట ఆమె వాయించుటయు, శిష్యులకు నేర్పుటయు బాలుడు వినుచుండెను. నీవును వాయింతువా యని ఆమె యడుగగా, వాడు ఔననెను. పోయిన మాట తిరిగివచ్చినది అప్పుడే.

పియానో హార్మోనియమువలె మెట్లు గలదే యైనను, గాలిచే గాక, లోపలి తీగలను చిన్న సుత్తులు కొట్టుటచే మ్రోగును. మెట్లు 88. వ్రేలి యొత్తిడిని బట్టి నాదము మెల్లగానో గట్టిగానో పలుకును గావున, ఏండ్ల తరబడి సాధకము లేనిదే అది వశము గాదు. తల్లియొద్ద తొలిపాఠములైన పిమ్మట, బాలుడు హాంబుర్గులో ఎలీజా హాన్సెన్ అను ఉపాధ్యాయినియొద్దను, 1955 మొదలు కొలోనులో ష్మిట్-నోయ్‌హౌస్ యొద్దను అభ్యసించెను. పదునొకండవ యేట ఫుర్ట్‌వెంగ్లర్ వాద్యబృందమును నడుపుచుండగా చూచి, తానును అట్లు కావలెనని కోరెను. వయొలిను కూడ నేర్చెను.

చిన్ననాట బాలుర పోటీలో గెలిచినను, పేరు తెచ్చిన పోటీలు తరువాతివి. 1962లో మ్యూనికు అంతర్జాతీయ పోటీలో బహుమతి లభించెను. 1965లో స్విట్జర్లెండులో క్లారా హాస్కిల్ పోటీయందు ప్రథమ బహుమానము గెలిచెను. హాస్కిల్ రుమేనియాలో పుట్టిన విదుషీమణి. వెన్నెముక వంగు వ్యాధితో బాధపడియు పియానోను విడువక, 1960లో స్వర్గస్థురాలయ్యెను. అటుపిమ్మట ఎషెన్‌బాఖ్ చిన్ననాటి కోరికయు నెరవేరెను: హూస్టను, పారిసు, ఫిలడెల్ఫియా, వాషింగ్టను నగరముల వాద్యబృందములకు నాయకుడై యుండెను.

1946లో ఆ తల్లి వానిని చేరదీసినది మొదలు 1965 నాటి గెలుపువరకు గడచినవి పందొమ్మిది సంవత్సరములు. నేడు మన యిండ్లలో బిడ్డకు నాలుగు గీతములు వచ్చినంతనే పోటీకి పంపుటకు తొందరపడు తలిదండ్రులు పెక్కురు. ఓడి వచ్చిన బిడ్డ వాద్యమును మూలబెట్టుటయు మనము చూచుచున్నాము. గెలుపు ఒక్కటే గమ్యమని నేర్పినచో, ఓటమితో విద్యయు ముగియుట వింతగాదు. ఎషెన్‌బాఖ్‌నకు సంగీతము మొదట బహుమానపు మార్గముగా రాలేదు. పలుకలేని దుఃఖమునకు పలుకుగా వచ్చినది.

కావున తల్లులారా! బిడ్డను గురువునకు అప్పగించుటకు ముందు, నీకు వాయింపవలెనని యున్నదా యని ఒక్కసారి అడుగుడు. ఔనన్నచో, ప్రతిదినమును కొంతసేపు ప్రక్కన కూర్చుండి వినుడు. పోటీల మాట తరువాత చూచుకొనవచ్చును.