స్థలపురాణం కోసం కంప్యూటరులో కంప్యూటరు

అయ్యా, ఈ ముచ్చట చెప్పవలెనంటే పుష్కరాల నుండి ఎత్తుకొనవలెను. 2004లో కృష్ణా పుష్కరములు వచ్చినప్పుడు, మూసీ వచ్చి కృష్ణలో కలియు మా వాడపల్లి రేవున జనము ఇసుక వేస్తే రాలనంతగా నిండి యుండగా, అగస్త్యేశ్వరుని గుడికిని లక్ష్మీనరసింహుని గుడికిని నడుమ తిరుగాడు యాత్రికులకు పంచిపెట్టుటకై, నేను పదహారు పుటల స్థలపురాణమొకటి వ్రాసి, మిర్యాలగూడలో ఒక డీటీపీ సెంటరున నాలుగు రాత్రులు ప్రక్కనే కూర్చుండి కంపోజు చేయించితిని. ప్రూఫులు కూడ నేనే దిద్దితిని. ముప్పదియేండ్లు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన చేయి గదా, ఒక్క తప్పు కూడ మిగులలేదని ఊరంతయు చెప్పుకొంటిని.

2016 పుష్కరములను బద్ధకముచేత వదలివేసితిని. మళ్లీ 2028లో రానున్నవి గనుక, ఈమారైనను పునర్ముద్రణ జరుపవలెనని వెదకబోగా, ఉన్న ఒక్క ప్రతిని చెదలు ఆరగించినవి. బీరువా అడుగున సీడీ ఒకటి మాత్రము దక్కినది. అందులోని ఫైలు పేజ్‌మేకరుది. ఆ ప్రోగ్రాము చివరి కూర్పు, అనగా ఏడవది, 2001లో వచ్చి ఆ పిదప ఆగిపోయినది. యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు దొరికినను, మన డీటీపీ దుకాణములు చిరకాలము వేరే దారిన నడచినవి. ఇంగ్లీషు అక్షరముల గదులలో మన ఒత్తులను, గుడులను, కొమ్ములను దాచి పెట్టిన ఫాంట్లతోనే పెండ్లిపత్రికలు మొదలు పత్రికల వరకు అచ్చయినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచితిమా, అగస్త్యుడు కాస్తా డాలరు గుర్తులు, బ్రాకెట్లు, చుక్కలై కూర్చుండును. అక్షరములను యూనికోడులోనికి మార్చు ఉపాయములు లేకపోలేదు గాని, నాకు కావలసినది అక్షరములు మాత్రమే కాదు, నాలుగు రాత్రుల జాగరణతో నిలబెట్టిన ఆ పుటల కూర్పు.

సంక్రాంతికి వచ్చిన మా మేనల్లునితో ఈ గోడు వెళ్లబోసికొంటిని. వాడు నా ల్యాప్‌టాపును ఒడిలోనికి లాగుకొని, "పాత ప్రోగ్రాముకు పాత విండోసే గావాలె మామా. గసుంటి కంప్యూటర్ ఇప్పుడు యాడ దొరుకుతది? దీంట్లనే ఇంకో కంప్యూటర్‌ను పుట్టిద్దాం" అన్నాడు. నేను వాని ముఖము వంక చూచితిని. పరిహాసమాడుట లేదు.

వాడు చెప్పగా తెలిసినదేమనగా, ఒక మహాయంత్రమును పలువురకు పంచియు, ఎవరికి వారు యంత్రమంతయు తమదే యని తలచునట్లు చేయు విద్యను ఐబీఎం వారు 1972లోనే వీఎం/370 అను పేర లోకమునకు ప్రకటించిరట. రాసక్రీడలో ప్రతి గోపికయు కృష్ణుడు తన చెంతనే యున్నాడని మురిసినట్లే యని నేనంటే, "అంతే మామా, కాకపోతే ర్యామ్ ఎంత మందికి సరిపోతదో చూసుకోవాలె" అన్నాడు. ఇంటి సామానుతో సరిపెట్టుటకు వాడు ఎంచుకొన్నది వర్చువల్‌బాక్సు. 2007లో ఒక జర్మను కంపెనీ దాని మూలమును అందరికిని తెరచి యిచ్చినది. మరుసటి యేడు దానిని సన్ వారు కొనిరి, 2010లో సన్‌నే ఒరాకిల్ వారు కొనిరి.

నా ల్యాప్‌టాపులో వాడే వేసి పెట్టిన ఉబుంటు కలదు. దాని మొదటి కూర్పు వచ్చినది 2004 అక్టోబరులో, అనగా మా పుష్కరాలు ముగిసిన నెలన్నరకే. నేనైతే ఇంటర్నెట్టులో పడి కనబడిన ప్రతి డౌన్‌లోడు బటనును నొక్కియుందును. వాడు నల్లని తెర తెరచి, "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వర్చువల్‌బాక్స్" అని ఒక్క పంక్తి కొట్టి, పాస్‌వర్డు నన్ను కొట్టుమన్నాడు. కొట్టుచున్నాను, తెరపై ఒక్క చుక్కయు కనబడదు. మీటలు చెడినవేమో యని గట్టిగా మొత్తుచుండగా, "కనపడదు మామా, ఎంటర్ కొట్టు" అన్నాడు.

ఈ ఆప్ట్ అను ప్యాకేజీ మేనేజరు, డెబియను వారు 1999 నాటి కూర్పుతో లోకమునకు అందించినది, నా బుద్ధికి పెండ్లివంట మేస్త్రివలె తోచినది. పులిహోర కావలెనని మనమొక్క మాట చెప్పుదుము. దానికి చింతపండు, పోపు సామాను, దానిని వండుటకు గుండిగ, గుండిగను దించుటకు మసిగుడ్డ, సమస్తమును అతడే లెక్కగట్టి చిట్టా వ్రాసి, ఇంటిలో నున్నవి విడిచి, లేనివి మాత్రము తన నమ్మకపు కొట్టునుండి తెప్పించును. ప్రతి మూటపై ముద్ర సరిగా నున్నదో లేదో చూడక లోనికి రానీయడు. రేపు వలదనుకొన్నచో రిమూవ్ అని, ఆటోరిమూవ్ అని చెప్పిన చాలును, ఎంగిలి విస్తళ్లు కూడ తానే ఎత్తి పోవును. చిట్టా చదివి, "అవునా, కాదా" యని అడిగినది, అవునంటిమి.

అంత సుఖముగా నడచియుండినచో ఈ ముచ్చటకు పని యుండెడిది కాదు. ఈ సాఫ్టువేరునకు కెర్నెలులో చొరబడు ముక్క యొకటి కావలయును; దానిని డీకేఎంఎస్ అనునది మన కెర్నెలు కొలతకు తగినట్లు అక్కడికక్కడ కుట్టి పెట్టును. కుట్టినది గాని, సెక్యూర్ బూట్ అను ద్వారపాలకుడు ముద్ర లేని ముక్కను లోనికి రానీయనన్నాడు. కొత్త పాస్‌వర్డు పెట్టుమనుట, మెషీను ఆపి లేపుట, నీలితెరపై ఆ పాస్‌వర్డునే మరల ఒప్పగించుట, ఇదంతయు అయినది. ఆపై బయాసులో వర్చువలైజేషను మీట ఆఫులో నున్నదని తేలినది. 2019 నాటి 6.1 కూర్పు మొదలు ప్రాసెసరు సాయము లేనిదే ఇది అడుగు కదపదట. ఈలోపల మా చెల్లెలు రెండుమార్లు టీ ఇచ్చినది, మూడవమారు అన్నమునకు లెమ్మన్నది.

భోజనానంతరము పాత ఎక్స్‌పీ సీడీని, దాని కవరుపైనున్న కీని వెదకి తెచ్చితిని. కొత్త యంత్రమునకు వాడు 512 ఎంబీ ర్యామును, పది జీబీల డిస్కును వాటా వేసి, ఇంటర్నెట్టును మాత్రము తెంచివేసినాడు. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు మరమ్మతులు నిలిచిపోయినవి గనుక, దానిని వీధిలోనికి వదలరాదట. కిటికీవంటి ఒక చట్రములో ఆ పచ్చని గుట్ట, నీలాకాశము ప్రత్యక్షము కాగా, నాకు మిర్యాలగూడ డీటీపీ సెంటరులోని ఫ్యాను చప్పుడు వినవచ్చినట్లయినది.

పేజ్‌మేకరు వేసినాము, ఫాంట్లు వేసినాము, ఫైలు తెరచినాము. ఒక్క ఒత్తయినను చెదరలేదు. హరిహరులను కావడిలో మోసికొని వచ్చిన అగస్త్యుడు, తలపై బిలములో నీరు నిలుచు శివలింగము, నరసింహస్వామి ఊపిరికి ఒక దీపము చలించుచుండగా నిశ్చలముగా వెలుగు రెండవ దీపము, అన్నియు ఎక్కడివక్కడ నున్నవి. నేను గర్వముగా వాని వంక చూచితిని. వాడు అట్టపై పెద్దక్షరముల పంక్తిని వ్రేలితో చూపి, "మామా, ఇదేంది?" అన్నాడు.

కృష్ణా మూసీ సంగ్రామ క్షేత్రము.

పుష్కరాల పన్నెండు దినములును ఆ పుస్తకము పంచితిమి. అవతల పొందుగల నుండి వంతెన దాటి వచ్చిన వారును పట్టుకొనిపోయిరి.