మూత కింద అన్నం

ఈ వేసవిలో మూడు వారాలు హైదరాబాదులోని మూసాపేటలో మా అక్క ఇంట్లో ఉన్నాను. బాల్కనీలోకి వస్తే మెట్రో రైలు కనిపిస్తుంది. రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి మేనల్లుడు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గది తలుపు వేసేసుకునేవాడు. అక్క కంచంలో అన్నం, పప్పు, దొండకాయ వేపుడు సర్ది, పైన ఇంకో కంచం బోర్లించేది. "వీడు వేడన్నం తిని ఎన్నాళ్ళయిందో తమ్ముడూ" అంది ఒకరోజు. పదకొండున్నరకు వాడు బయటికొచ్చి, నిలబడే నాలుగు ముద్దలు తిని, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేవాడు.

అక్కడ తొమ్మిదిన్నర అంటే న్యూజెర్సీలో మధ్యాహ్నం పన్నెండు. భోజనానికి లేచేలోపు ఒక మాట అనేసుకుందామని మనం పెట్టే కాల్ అది. 'మనం' అని తెలిసే రాస్తున్నాను. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందిమి ఆ కాల్‌కు ఇవతలి కొసన కూర్చున్నవాళ్ళమే. నవంబరులో మనం గడియారం వెనక్కి తిప్పుకుంటే మనకో గంట నిద్ర కలిసొస్తుంది, వాళ్ళ కాల్ పదిన్నరకు జరుగుతుంది. కాలిఫోర్నియా మధ్యాహ్నమైతే అక్కడ వేసవిలో 12:30, చలికాలంలో 1:30.

ఒంటికీ ఒక గడియారం ఉంది. కార్టిసాల్ అనే హార్మోను తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి, నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు బాగా ఎక్కువై, పొద్దు వాలేకొద్దీ తగ్గి, అర్ధరాత్రి ప్రాంతంలో అడుగంటుతుంది. దాన్ని తిట్టనక్కర్లేదు, పొద్దున్నే మనల్ని లేపి నిలబెట్టేది అదే. తాడును చూసి పామనుకున్నవాడి కథను మన పెద్దలు వేదాంతానికి వాడుకున్నారు. పాము అబద్ధమే కావచ్చు, వాడి గుండె దడ మాత్రం అబద్ధం కాదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదలగానే గుండె పరుగందుకుంటుంది, నోరెండిపోతుంది, అరుగుదల మందగిస్తుంది. వెనకే కార్టిసాల్ వచ్చి, పారిపోవడానికి బలం కావాలి కదా అని, కాలేయం చేత రక్తంలోకి చక్కెర పోయిస్తుంది. తాడేనని తేలాక కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి.

మావాడికి సర్దుకునే వేళ ఏది? రాత్రి పదకొండుకు 'ప్రొడక్షన్ డౌన్' అని మెసేజ్ వస్తే పారిపోయేది ఎక్కడికి? కుర్చీ కదలదు, చక్కెర ఖర్చు కాదు. రోజూ ఇదే తంతయితే ఒళ్ళు ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది, కొవ్వు పొట్టచుట్టూ, కాలేయంలోనూ పేరుకుంటుంది. 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకల్ని చలిలో ఉంచీ, అలిసేదాకా కదిలించీ, మందులు ఎక్కించీ చూశాడు. బాధ ఏదైనా ఫలితం ఒకటే: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుళ్ళు పడ్డాయి. పాపం, వాటికి జీతం కూడా లేదు.

మావాడికి 33 ఏళ్ళు. మందు ముట్టడు. ఆ మధ్య చేయించుకున్న పరీక్షల్లో 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1' అని వచ్చింది. "మా టీములో లేనివాడే తక్కువ మామయ్యా" అని నవ్వేశాడు. వాడు గొప్పకు చెప్పిన మాట కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కలిసి ఆ నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది, 71 శాతం మంది ఊబకాయులు. నేరమంతా కార్టిసాల్ మీదికి తోసేస్తే నేనొప్పుకోను. గంటలకొద్దీ కూర్చోవడానికీ, అర్ధరాత్రి బిర్యానీకీ అందులో వాటా ఉంది. కానీ ఆ బిర్యానీ పొద్దున పదకొండుకు రావడం లేదు కదా.

2022 జూన్‌లో కైతలాపూర్ వంతెన తెరిచాక మూసాపేటకు హైటెక్ సిటీ దగ్గరైంది. ఒకరోజు వాడి బండి వెనక కూర్చుని వెళ్ళాను. వంతెన దిగాక ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ చొక్కా జేబు తడుముకుంటున్నాడు. "ఫోనొచ్చిందా?" అన్నాను. "లేదు మామయ్యా, వచ్చినట్టు అనిపిస్తుందంతే." పామే కాదు, ఇక్కడ తాడు కూడా లేదు.

ఇలాంటివాళ్ళకు ప్రాణాయామం వీడియో వాట్సాప్ చేయడం మనకు తేలిక. పన్నెండు గంటల కాల్‌ను పొద్దున ఎనిమిదికి జరిపితే వాళ్ళకు సాయంత్రం 5:30 అవుతుంది, మనకేమో పిల్లల్ని బడి బస్సు ఎక్కించే వేళ. మనకు కుదరని ఆ గంటనే వాళ్ళు రాత్రిళ్ళు తీరుస్తున్నారు. రాత్రి షిఫ్టులను క్యాన్సర్‌కు కారణం కాగలవని 2007లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అనుమానితుల జాబితాలో పెట్టింది. అది చదివి కూడా కాల్ వేళ మార్చినవాళ్ళు నాకు తారసపడలేదు. నేనూ మార్చలేదు, మొన్నటిదాకా.

ఈ పత్రికకు పేజీలు కట్టే అతను కూడా హైదరాబాదులోనే ఉంటాడు. ఏళ్ళ తరబడి శనివారం మధ్యాహ్నం కాఫీ తాగి, తప్పులు దిద్ది, 'అర్జెంట్' అని రాసి పంపేవాణ్ణి. ఎంత అర్ధరాత్రయినా దిద్ది పంపేవాడు. ఈసారి శుక్రవారం రాత్రే కూర్చుని పంపాను. అక్కడ శనివారం పొద్దున్న ఏడున్నర. "ఇదేంటి సార్, పగలే పంపారు?" అని జవాబు వచ్చింది. అలవాటు లేని పని కావడంతో నాలుగు పేజీలు నా దగ్గరే ఉండిపోయాయి. వాటికోసం మళ్ళీ రాత్రిపూట ఫోను చేయబుద్ధి కాలేదు. అందుకే ఈ సంచిక మీకు రెండు రోజులు ఆలస్యంగా అందింది.