సూత్రం సరే, ముందు బొంత చూపించండి

మా అమ్మాయి పదో తరగతి. మొన్న వర్గ సమీకరణాల పరీక్షలో ఇరవైకి ఆరు తెచ్చుకుంది. ట్యూషన్ సారు ఫోన్ చేసి, "సూత్రం బాగా బట్టీ పట్టించండి మేడం, చాలు" అన్నారు. చాలదు సారూ!

సూత్రం అడిగితే పిల్ల మంత్రంలా గడగడా అప్పజెప్పింది. ఎట్లా వచ్చిందే అంటే మాట లేదు. పైగా "నీది బీఏ తెలుగు కదమ్మా, నీకెందుకు?" అంది. తెలుగు చదివాను కాబట్టే నాకు పావులూరి మల్లన తెలుసు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని వందల ఏళ్ల కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. తెలుగుకూ లెక్కలకూ వైరం పెట్టింది మనమే.

పాత చీర తీసి చదరపు ముక్క కత్తిరించాను. దాని భుజం ఎక్స్. కుడిపక్క ఐదు వెడల్పు పట్టీ, కింద ఇంకో ఐదు వెడల్పు పట్టీ. మొత్తం గుడ్డ వైశాల్యం 39. అంటే ఎక్స్ స్క్వేర్ ప్లస్ పది ఎక్స్, సమానం 39. "మూలకు ఖాళీ ఉందమ్మా" అని తనే అంది. ఐదైదులు ఇరవై ఐదు. ఆ అతుకు వేస్తే 64. పెద్ద చదరం భుజం 8, అందులో ఐదు తీస్తే ఎక్స్ 3. దాదాపు 1200 ఏళ్ల కిందట బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఈ లెక్కనే ఇట్లా బొమ్మ గీసి చూపాడు.

గుడ్డకు మైనస్ కొలత ఉండదు. మైనస్ 8 వర్గం కూడా 64 కాబట్టి రెండో మూలం మైనస్ 13 అని కాగితం మీద చూపాలి. అంకెల చోట ఏ, బి, సి పెట్టి ఇదే అతుకు వేస్తే మీ సూత్రమే వస్తుంది.

సూత్రం వద్దనడం లేదు. కారణాంకాలు దొరకని చోట అది కావాల్సిందే. కానీ మా పిల్లకు ఆరు మార్కులొచ్చింది సూత్రం రాక కాదు. బి మైనస్ ఏడైతే మైనస్ బి ఏడవుతుందని తోచక. వచ్చిన జవాబును మళ్లీ సమీకరణంలో వేసి చూసుకోమని చెప్పినవాళ్లే లేక. ఉప్పు చూడకుండా కూర వడ్డిస్తామా?

అక్కలూ, చెల్లెళ్లూ, "నాకు లెక్కలు రావు, మీ నాన్ననడుగు" అని ఆడపిల్లల ముందు అనకండి. ఆ మాట వాళ్లు సూత్రం కంటే తొందరగా బట్టీ పడతారు. పాత చీరా, కత్తెరా మన ఇంట్లోనే ఉన్నాయి.